మినిట్స్ పుస్తకంలో లేనిది

బ్రాడీపేట నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు, మేడమీద గది.
ఏప్రిల్ రెండో ఆదివారం, సాయంత్రం నాలుగున్నర.
కార్యవర్గం పదకొండు మంది, హాజరు తొమ్మిది.
కోరం సరిపోయింది.
నన్ను లెక్కలో వేయలేదు, నేను రాసేదాన్ని.

మిర్చియార్డు మీంచి గాలి మళ్ళితే
పరిశోధకులైనా తుమ్మాల్సిందే.
మొదటి తుమ్ము అధ్యక్షులు దొప్పలపూడి కోటిలింగం గారిది.
ఎప్పుడూ నవ్వుతూ "చిరంజీవ" అనే కార్యదర్శి
ఆ రోజు అనలేదు.
సంగతి అక్కడే అర్థమైంది నాకు.

అజెండాలో ఒకటే అంశం, రాయి.
కాలవ పూడిక తీస్తుంటే ప్రొక్లైనర్ పంటికి తగిలింది.
రెండు మర్తురుల నేల, దారిన పోయేవాళ్ళ దప్పికకి
ఇచ్చింది మాచమ.
కాదు,
ఇచ్చినవాడు మాచన.
చివరి అక్షరం మీద పగులు.
వంపు లోపలికి తిరిగితే మ, తిరగకుంటే న.
ఆ పగులు వెడల్పు నా చిటికెన గోరంత.

"ఆ కాలంలో ఆడవాళ్ళ చేతిలో నేలెక్కడిదండీ?"
"మీ వీధిలో లేదేమో" అన్నారు
కార్యదర్శి తాళ్ళూరి ఇమ్మానుయేలు గారు,
ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో టిక్కెట్లు కొట్టి
రిటైరయ్యాక శాసనాలు చదవడం నేర్చుకున్న మనిషి.
"ఇవి టిక్కెట్టు మీద అంకెలు కావు లెండి" అన్నారు ఎవరో.
ఎవరో నాకు తెలుసు.
"అది రాయకమ్మా" అన్నారు.
రాయలేదు.

అక్కణ్ణించి మాట రాయి మీంచి జారి మనుషుల మీద పడింది.
ఏ సంచికలో ఎవరి వ్యాసాన్ని ఎవరు తొక్కిపెట్టారో,
బీరువా తాళం ఎవరింటి మేకుకి వేలాడుతోందో,
వార్షికోత్సవానికి ఎన్ని శాలువాలు కొని ఎన్ని కప్పారో.
మూడు శాలువాల లెక్క తేలలేదు.
కోశాధికారి పరిమి రత్నమాణిక్యం గారు
పద్దు పుస్తకం మీద మోచెయ్యి ఆనించారు, ఇక తీయలేదు.
"ఇదీ రాయకు."
"ఇది మాత్రం రాయి."
"రాస్తే నేను సంతకం పెట్టను."
నా కలం రైల్వే గేటులా లేస్తూ, పడుతూ.

టీ వచ్చింది, తొమ్మిది గ్లాసులు.
ఇమ్మానుయేలు గారు తనది సగం వంపి ఇచ్చారు.
కోటిలింగం గారు తన బిస్కెట్టు నావైపు జరిపారు.
ఇద్దరూ మంచివాళ్ళే.
అదే చిక్కు.

ఓటింగుకి పెట్టారు చివరికి.
ఎనిమిది వందల ఏళ్ళ కిందటి చెయ్యి
ఆడదో మగదో చేతులెత్తి తేల్చడానికి.
మ-కి నాలుగు, న-కి నాలుగు.
తొమ్మిదో ఆయన కారుమంచి వీరభద్రాచారి గారు,
తాతల నాటి ఉలి ఇంకా ఇంట్లో ఉన్నవాడు,
"ఉలి జారిన చోటు వేరు, రాయి పగిలిన చోటు వేరు"
అని మొదట్లోనే చెప్పారు. ఎవరూ వినలేదు.
ఇప్పుడు అందరూ ఆయన వైపు తిరిగేసరికి
చెవి మిషను తీసి జేబులో వేసుకున్నారు.

నలుగురు బ్రిడ్జి వైపు, నలుగురు కొత్తపేట వైపు.
ఆచారి గారు మెట్ల మీదే కాసేపు ఆగి, ఆటో ఎక్కారు.
బీరువాకి రెండో తాళం పడింది.
రాయి మాత్రం మెట్ల కింద, గోనెపట్టా కప్పుకుని,
ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ల పక్కన.
క్యానుకి ఇరవై రూపాయలు, సంఘం ఖాతాలో.

పట్టా తీసి
క్యాన్లో అడుగున మిగిలిన నీళ్ళు దాని మీద పోశాను.
వేసవి రాయి, గుటకలు వేసినట్టే పీల్చుకుంది.
చూస్తే మోసపోతావు, తాకి చదవాలి
అని ఆచారి గారే ఒకసారి చెప్పారు.
కళ్ళు మూసుకుని పగులు అంచున వేలు పెట్టాను.
ఒకచోట వేలు లోపలికి తిరిగింది.
తిరిగిందనే అనిపించింది.
నన్ను ఎవరూ అడగలేదు.

పైకొచ్చి రాసింది ఒక్కటే వాక్యం:
సుదీర్ఘ చర్చ అనంతరం అంశం వాయిదా వేయడమైనది.
కింద సంతకాలకి పెన్సిల్‌తో తొమ్మిది గీతలు గీశాను,
చెయ్యి ఆగక పదోదీ గీశాను.
రబ్బరు కోసం చూశాను.
మరీ అంతగా వెతకలేదు.